మార్థాకు టర్బో పెట్టిన వేళ

బిషప్ గారు దీవికి రానున్న రోజు పొద్దున మాగ్నార్ వంటింట్లో కూర్చుని కాఫీ తాగుతూ లోలోపల మురిసిపోతున్నాడు. పైకి మాత్రం పాల గిన్నె సంగతి ఏమీ ఎరగని పిల్లిలా మొహం పెట్టాడు.

"పదకొండింటికి చర్చి గంట. ఆలోగా బిషప్ గారి కాలు మన రేవులో పడాలి," అంది హెర్దిస్, జుట్టు వంకీలు తిరగాలని చుట్టలు బిగించుకుంటూ. ఆమె మాగ్నార్ భార్యే కాదు, స్కార్వ దీవి చర్చి సంఘానికి అధ్యక్షురాలు కూడా. ఏ మాట భార్యగా అంటోందో, ఏ మాట అధ్యక్షురాలిగా అంటోందో కనిపెట్టడం పెళ్ళయిన ఇన్నేళ్ళకూ అతనికి చేతకాలేదు.

"పడుతుందిలే."

"పోయినసారీ ఇలాగే అన్నావు. పులుసు కాస్తా అడుగంటింది. ఆ పాత బిషప్ గారు పాపం వాంతులు చేసుకుంటూ దిగాడు. సంఘం వాళ్ళు ఇంక ఊరుకోరయ్యా. ఈసారి గంట కొట్టేలోగా నువ్వు రాకపోయావో, ఇకమీదట బిషప్ గార్లను తెచ్చేది మా తమ్ముడే."

ఇది అధ్యక్షురాలి మాటే. మాగ్నార్ గుండెలో కలుక్కుమంది. అతని తాత తెడ్లు వేసి బిషప్‌లను తెచ్చాడు. తండ్రి తెరచాప ఎత్తి తెచ్చాడు. తను మార్థా మీద తెస్తున్నాడు. మార్థా అంటే చెక్కతో కట్టిన పాత చేపల పడవ, దాని డీజిల్ ఇంజను అతని పెళ్ళికన్నా పాతది. మూడు తరాల మర్యాద ఎవడో దారినపోయేవాడికి పోతే సరిపెట్టుకునేవాడేమో కాని, బావమరిది హాల్వార్‌కు పోతే ఇంక రేవులో తలెత్తుకోవడం ఎలా? హాల్వార్ దగ్గర తెల్లగా మెరిసే కొత్త పడవ ఉంది. అది పోతుంటే దూసుకుపోతుంది, ఆగి ఉంటే హాల్వార్ దాని గురించి మాట్లాడుతూ ఉంటాడు.

అందుకే మాగ్నార్ శీతాకాలమంతా పడవకు తారు పూస్తున్నానని చెప్పి షెడ్డులో దూరాడు. పాత లారీ నుంచి ఊడదీసిన టర్బోను తెచ్చి మార్థాకు బిగించాడు. ఊరికే పొగగొట్టంలోంచి పోయే వేడి పొగతోనే అది ఒక చిన్న చక్రాన్ని గిరగిరా తిప్పుతుంది. ఆ చక్రం ఇంజనులోకి గాలిని కూరి కూరి పెడుతుంది. గాలి ఎక్కువైతే డీజిల్ ఎక్కువ మండుతుంది, బలం ఒకటికి ఒకటిన్నర అవుతుంది. ఈ సంగతి అతను పెళ్ళానికి కూడా చెప్పలేదు. స్కార్వ దీవిలో పని చేయకముందు చెప్పుకునేవాడూ, చేశాక చెప్పుకునేవాడూ ఇద్దరూ గొప్పలకు పోయేవాళ్ళే.

దీవి కూడా అతనికి ఒక సంగతి చెప్పలేదు. అందరికీ తెలిసిందే కాబట్టి చెప్పాలని ఎవరికీ తోచలేదు. అక్కడ ఏ పడవ వస్తోందో కళ్ళతో కాదు, చెవులతో తెలుసుకుంటారు. కొండ అవతల మార్థా డుగ్ డుగ్ మనగానే హెర్దిస్ చేప ముక్కలు మరిగే నీళ్ళలో వేస్తుంది, బ్యాండువాళ్ళు కోట్లు తొడుక్కుంటారు, గంట కొట్టే తోర్లీఫ్ తాడు దగ్గరికి వెళతాడు. ఎరగని ఇంజను చప్పుడు వినబడిందంటే దానికి ఒక్కటే అర్థం. కస్టమ్స్ వాళ్ళు ఇంటింటా దాచిన నాటుసారా కోసం వస్తున్నారని.

రేవు దాటేదాకా మాగ్నార్ మెల్లగా పోనిచ్చాడు. మెల్లగా పోయినంతసేపూ మార్థా పాత గొంతుతోనే దగ్గింది. బయట సముద్రంలోకి వచ్చాక పూర్తిగా వేగం పెంచాడు. డుగ్ డుగ్ కాస్తా అణిగిపోయి, సన్నని ఈల ఒకటి లేచింది. మార్థా ముక్కు పైకెత్తింది, వెనకభాగం నీళ్ళలో కూరుకుంది, ఇంటి కప్పంత అల ఒకటి వెనకాలే బయలుదేరింది. వేగం మాత్రం చిటికెడే పెరిగింది. పొట్ట పెద్దదైన చెక్క పడవ నీటిలో పోగలిగినంతే పోతుంది, ఆపైన ఎంత తోసినా ఆ బలమంతా అలలకే. "హతవిధీ," అనుకున్నాడు మాగ్నార్. అయినా ఆ చిటికెడు చాలు, దారిలో ఆగకపోతే గంటకు ముందే చేరతాడు.

అవతలి ఒడ్డున పెద్ద రేవులో బిషప్ రాగ్నా గారు రబ్బరు బూట్లు వేసుకుని, అంగీ ఉన్న సంచి చేతపట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పడవలోకి దూకింది.

"ఈలేస్తోందే నీ పడవ!"

"సంతోషం అమ్మగారూ. తమరు ఎక్కారని."

స్కార్వ దీవి కొండ కనబడేసరికి ఎదురుగా ఇసుకమేట మీద తెల్లగా ఏదో వాలి కనబడింది. హాల్వార్ కొత్త పడవ. అది ఒక పక్కకు ఒరిగి ఉంది. హాల్వార్ అందులో నిలబడి తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలను ఒక్కొక్కటీ సముద్రంలోకి గిరాటేస్తున్నాడు. సారా నీళ్ళకన్నా తేలిక. ఆ డబ్బాలు మునగకుండా బాతుల్లా అతని చుట్టూనే తేలుతున్నాయి.

"ఒరేయ్ హాల్వార్! ఏంట్రా అది?"

హాల్వార్ తలెత్తి చూసి నోరు తెరిచాడు. "బావా! నువ్వా? ఆ ఈలేంటి బావా? కస్టమ్స్ వాళ్ళనుకుని చచ్చాను! అక్కకు ఫోన్ చేశా, అక్క ఊరందరికీ చెప్పేసింది. సరుకు దాటేద్దామని కంగారుగా పోతుంటే పడవ ఈ మేట ఎక్కేసింది." అంతలో అతనికి బిషప్ గారు కనబడింది. చేతిలో మిగిలిన డబ్బాను మెల్లగా వెనక్కు పెట్టుకున్నాడు.

"ఏమిటవి?" అంది బిషప్ గారు.

"చలికాలంలో కారు అద్దాలు తుడుచుకునే నీళ్ళండీ," అన్నాడు మాగ్నార్.

"మీ దీవిలో కార్లెన్ని?"

"ఒకటండీ."

"ఆగస్టు నెలలో ఒక్క కారుకు ఇన్ని నీళ్ళా?"

"అద్దం పెద్దదండీ."

మాగ్నార్ గడియారం చూసుకున్నాడు. ఇప్పుడు కదిలితే గంటకు ముందే రేవులో ఉంటాడు. కాని పోటు తగ్గి నీళ్ళు తీస్తున్నాయి, ఇప్పుడు లాగకపోతే బావమరిది రాత్రిదాకా ఇక్కడే కొంగలా నిలబడతాడు. ఆ దృశ్యం ఒక్క క్షణం మాగ్నార్‌కు కన్నులపండుగగా తోచిందని చెప్పకపోతే అబద్ధమే అవుతుంది. కాని హాల్వార్ మొహం చూస్తే జాలేసింది. ఎంతైనా హెర్దిస్ తమ్ముడు.

"మోకు అందుకోరా," అన్నాడు, మూడు తరాల మర్యాదను మనసులోనే నీళ్ళకు వదిలేస్తూ.

మోకు బిగిసింది. మాగ్నార్ ఇంజను బలమంతా వదిలాడు. టర్బో చెవులు చిల్లులు పడేలా కూసింది, పొగగొట్టం నల్లటి మబ్బును కక్కింది, మార్థా చెక్కలన్నీ కిర్రుమన్నాయి. పరుగుకు పనికిరాని బలం లాగడానికి అక్కరకొచ్చింది. తెల్ల పడవ వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు మేట మీదనుంచి జారి నీళ్ళలో పడింది. మాగ్నార్‌కు ఒళ్ళంతా పులకరించింది. మసి పట్టిన మొహంతో బిషప్ గారు చప్పట్లు కొట్టింది.

"అలకే వెనక్కి పోయేదిగా ఇది! ఏం పెట్టావు బావా దీనికి?"

"తారు," అన్నాడు మాగ్నార్.

బిషప్ గారు ఈలోపు కొక్కేల గెడ పుచ్చుకుని డబ్బాలన్నీ పడవలోకి లాగింది. సముద్రంలో చెత్త వదలకూడదట.

రేవు చేరేసరికి పదకొండు ఎప్పుడో దాటింది. రేవులో నరపురుగు లేదు. జెండా సగం దాకా ఎక్కి ఆగిపోయి ఉంది. బాకా ఒకటి బల్లమీద అనాథలా పడుంది. కొండ మీదికి చూస్తే ఊరు ఊరంతా, బ్యాండువాళ్ళతో సహా, చేతికో డబ్బా పట్టుకుని చర్చిలోకి పరుగెత్తుతోంది. ఎంత కస్టమ్స్ వాడైనా చర్చిలో సోదా చెయ్యడు కదా!

సగం చుట్టలు ఊడిన జుట్టుతో హెర్దిస్ రొప్పుతూ వచ్చింది. "ఏమయ్యా, నువ్వా ఆ కూతలు కూసింది! నేనింకా చేపైనా వెయ్యలేదు—" అంటూ బిషప్ గారిని చూసి, అధ్యక్షురాలి నవ్వు నవ్వబోయింది. అది సగంలో ఆగిపోయింది. బిషప్ గారి రెండు చేతుల్లోనూ రెండు డబ్బాలున్నాయి.

"నేను అంగీ తొడుక్కోవాలి. దుస్తుల గది ఎటమ్మా?"

హెర్దిస్ కాళ్ళీడ్చుకుంటూ చర్చి దాకా దారి చూపింది. దుస్తుల గది గుమ్మానికి అడ్డంగా తోర్లీఫ్ నిలబడ్డాడు. "లోపల... దుమ్ముగా ఉందండీ."

బిషప్ గారు అతన్ని పక్కకు జరిపి తలుపు తీసింది. నేలనుంచి కప్పుదాకా డబ్బాలే. వాసనకు తోర్లీఫ్ కళ్ళు మూసుకున్నాడు. హెర్దిస్ మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇది భార్యే అని మాగ్నార్‌కు వెంటనే తెలిసింది.

"ఓహో, ఇవీ ఇక్కడే కాబోలు," అని బిషప్ గారు తన చేతిలోని రెంటినీ వాటి సరసనే పెట్టి తలుపు వేసుకుంది. కాసేపటికి అంగీతో, శిలువతో బయటికి వచ్చి తోర్లీఫ్ వైపు చూసింది. "ఏం నాయనా, గంట కొట్టలేదేం?"

"చేతులు ఖాళీ లేకపోయాయండీ."

"ఇప్పుడున్నాయిగా. కొట్టు."

అప్పుడు మోగింది గంట. హెర్దిస్ మొహం చాటంతయింది. "గంట కొట్టేలోగా కాలు రేవులో పడాలన్నాం. పడింది. ఏమంటావురా తమ్ముడూ?"

హాల్వార్ తల గోక్కున్నాడు. "ఏమంటాను? బావే తేవాలి. నా పడవనే మార్థా లాక్కొచ్చిందిగా!"

మాగ్నార్‌కు తండ్రీ తాతా గుర్తొచ్చారు. దగ్గుతున్నట్టు నటించాడు.

భోజనాల దగ్గర బిషప్ గారు లేచి నిలబడింది. "ఎన్నో దీవులు తిరిగాను. నా పడవ చప్పుడు వినగానే పాదిర్లు కంగారుపడ్డారు, కుక్కలు మొరిగాయి. కాని ఊరు ఊరంతా చర్చికి పరుగు తీయడం ఇక్కడే చూశాను. మీ భక్తికి నా జోహారు."

చేప ముళ్ళు ఏరుకోవడంలో ఆ దీవి అంతటి శ్రద్ధ అంతకు ముందెన్నడూ చూపలేదు.