వీపు మీద మాట

శనివారం పొద్దున దడాంగ్ పెట్టుకున్న పని ఒక్కటే. జెర్సీ ఆర్డర్లు చదివే పీహెచ్‌పీ ప్రోగ్రాంలోని లూప్ సరిచేసి, మధ్యాహ్నం బజారుకెళ్లి వేడివేడి చేప పకోడీలు, బాతగోర్ తినడం.

ఇండోనేషియాలోని బాండుంగ్‌లో జెర్సీలు కుట్టి అచ్చువేసే ఆ దుకాణం వాళ్లక్క ఇమాస్‌ది. అక్కడికొచ్చే ప్రతి ఆర్డరూ అరేలో అరే, అంటే జాబితాలో జాబితా: జట్టు లోపల ఆటగాళ్లు, ఒక్కొక్కరి లోపల వాళ్ల వివరాలు. కానీ ఎవరేం అడిగినా ఇమాస్ ఫారం మార్చేసేది. దాంతో వీపు మీద వేయాల్సిన పేరు ఒక ఆర్డర్లో "పేరు" అనే శీర్షిక, అంటే కీ, కింద, ఇంకోదాన్లో "ముద్దుపేరు" కింద, మరోదాన్లో "వీపు" కింద దాక్కునేది. మొన్న ఆ కీ దొరక్క ఒక జట్టుకి ఖాళీ వీపులే వెళ్లాయి.

విసుగెత్తి దడాంగ్ కీలను చూడటమే మానేశాడు. అరే కనిపిస్తే ఇంకా లోపలికి వెళ్లు, అంకెలుంటే వదిలెయ్, మాటలుంటే వీపు మీద వెయ్ అని లూప్‌కి చెప్పాడు. పాత ఆర్డర్లో పేర్లన్నీ ముత్యాల్లా వచ్చాయి. తృప్తిగా బజారుకెళ్లాడు.

తింటుండగా ఇమాస్ ఫోన్ చేసింది. "తమ్ముడూ, ఎంటిన్ పిన్ని వాళ్ల వాలీబాల్ జట్టు ఆర్డరు వచ్చింది. ఇవాళే ఆటట, కుట్టి ఉన్నవాటి మీదే అచ్చెయ్యాలి. వీపు మీద మాటలు వింతగా ఉన్నాయి. వేసెయ్యనా?"

ముద్దుపేర్లు కాబోలనుకున్నాడు దడాంగ్. "వాళ్లు రాసుకున్నదే కదక్కా, వేసెయ్."

తిరిగొచ్చి తెర చూశాక తెలిసింది సంగతి. కొత్త ఫారంలో పేరు కింద "కుట్టేవాళ్లకి సూచన" అని ఇంకో గడి ఉంది. లూప్ పేరు తీసుకుంది, సూచనలోనూ మాటలే ఉన్నాయి కాబట్టి వెంటనే పేరు చెరిపి అది పెట్టింది. జెర్సీలు అప్పటికే వెళ్లిపోయాయి.

ఇమాస్‌ని బైకెక్కించుకుని మైదానానికి పరిగెత్తాడు. ఆట మొదలైపోయింది. ఎంటిన్ వీపు మీద "నడుము దగ్గర వదులుగా" అని ఉంది. పక్కావిడ మీద "పోయినసారి చంకలు పట్టేశాయి". సర్వీసు చేస్తున్నావిడ మీద "మా ఆయనకి ఖరీదు చెప్పొద్దు". ఆయన ముందు వరసలోనే కూర్చుని చదువుతున్నాడు. అవతలి జట్టు నవ్వాపుకోలేక బంతులు వదిలేసింది. కాసేపటికి విషయం తెలిసి ఎంటిన్ జట్టుకీ నవ్వు అంటుకుంది, చివరికి ఆ జట్టే ఓడింది.

ఎంటిన్ నేరుగా వాళ్ల దగ్గరికే వచ్చింది. దడాంగ్ ఇమాస్ వెనక్కి తప్పుకున్నాడు.

"రాయడం బాగానే రాశారు," అందావిడ నడుము దగ్గర బట్ట లాగి చూపిస్తూ. "మరి వదులు చెయ్యలేదేం?"

ఆ రాత్రి దడాంగ్ బుద్ధిగా కూర్చుని, పేరుకి వాడిన కీలన్నీ ఒకచోట చేర్చి, లూప్ వాటిని మాత్రమే ముట్టుకునేలా రాశాడు. ఇక తప్పు జరగదని హాయిగా నిద్రపోయాడు.

పొద్దున్నే గెలిచిన జట్టు నుంచి అలాంటి జెర్సీలే కావాలని ఆర్డర్ వచ్చింది. సూచనల గడి నిండా చాడీలే. పేరు గడి మాత్రం ఒక్కరూ నింపలేదు. తెర మీద మళ్లీ అన్నీ ఖాళీ వీపులే.