జీవశాస్త్ర నిర్ణాయక సభ

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటేడు ఎండాకాలంలో సిరిగంటపాడు జాగీరులో టముకు వేశారు. దొరవారు పెద్ద మనసు చేసుకుని రైతుబిడ్డల్లో ఒకణ్ణి పట్టా చదువుకు పంపదలచారనీ, అర్హులందరూ దరఖాస్తు పెట్టుకోవచ్చుననీ దాని సారాంశం. జాగీరు మొత్తంమీద ఇంటర్మీడియట్ గట్టెక్కినవాడు దశరథం ఒక్కడే. తీవ్రమైన పోటీ అనంతరం దశరథమే ఎంపికయ్యాడు.

అతనిది ఆత్మకూరు దారిలో మెట్ట సేద్యం చేసుకునే ఇల్లు. తండ్రి లేడు, తల్లి భీమమ్మ ఉంది. రెండేళ్ళ కింద తొలకరిలో వాళ్ళ ఎడ్లు రెండూ గొంతువాపుతో పడిపోయాయి. అమ్మవారికి కోపమొచ్చిందన్నది ఊరు. కంటికి కనిపించని పురుగు చేసిన పని అన్నాడు వనపర్తిలో పంతులు. ఆ ఏడు గుంటక భీమమ్మ లాగింది, వెనక దశరథం పట్టాడు. ఆ పురుగేదో చూసి తీరాలన్న పంతం అతనికి ఆ సాళ్ళలోనే పుట్టింది.

జీవశాస్త్రం చదువుతానని హైదరాబాదు విశ్వవిద్యాలయానికీ, వాల్తేరు విశ్వవిద్యాలయానికీ జాబులు రాశాడు. రెండూ చోటిస్తామన్నాయి. హైదరాబాదులో పాఠం ఉర్దూలో. అది అతను చదివొచ్చిన భాషే. వాల్తేరులో ఇంగ్లీషు; కష్టపడితే రాకపోదు. ఎక్కడైనా ఆషాఢం వెళ్ళేలోగా చేరాలి.

“ఏదైనా సరే దొరా, జల్ది చెప్పుండ్రి, పోత,” అని దివాన్‌జీతో విన్నవించుకున్నాడు.

ఒక్క పూటలో తేలిపోయే విషయాన్ని ఒక్క పూటలో తేల్చడం పరిపాలనకు మర్యాద కాదు. దొరవారు సభ పిలిచారు. ఆస్థాన విద్వాంసులు రాఘవాచార్యులవారు లేచి, అంగవస్త్రం సర్దుకున్నారు.

“జీవశాస్త్రమనగా జీవుని గూర్చిన శాస్త్రము. జీవునకును బ్రహ్మమునకును భేదము కలదా, లేదా? ఈ విషయమున ఆ రెండు విద్యాపీఠముల మతమేమో యెరుగక మన బాలుని పంపుట యెట్లు?”

సభ దద్దరిల్లింది. ఇంత లోతు తమకు తోచనందుకు దొరవారు తలపంకించారు.

దశరథం చేతులు కట్టుకుని లేచాడు. “జీవుడంటే గది కాదు సామీ. పురుగులు, కప్పలు, చెట్లు గిట్ల...”

“కప్పయందున్నది జీవుడు కాక మరెవ్వడోయి?”

దశరథం మళ్ళీ నోరు తెరిచేలోగానే దరఖాస్తుదారు అంగీకరించినట్టు దివాన్‌జీ రాసుకున్నాడు.

రెండు విశ్వవిద్యాలయాలకూ శ్రీముఖాలు వెళ్ళాయి. అలాంటి ప్రశ్న తమకెందుకు వచ్చిందో తెలియక, ఆ రెండూ మర్యాదగా తమ నిబంధనలు పంపాయి. హైదరాబాదు కవరులో చదువు నిబంధనలకు ఒక కాగితం, వసతిగృహానికి ఇంకొక కాగితం విడివిడిగా ఉన్నాయి. కాబట్టి అది ద్వైతమని తేలింది. వాల్తేరువారు అన్నీ కలిపి ఒకే పుస్తకంగా అచ్చేశారు. అది అద్వైతం కాక మరేమిటి? సభ రెండు పక్షాలుగా చీలింది.

పండితులు చీలాక ఊరు వెనకబడుతుందా? హైదరాబాదు పోతే రూమీ టోపీ పెడతాడని ఒక అరుగు, వాల్తేరు పోతే మన మాట మరిచి మనల్నే వెక్కిరిస్తాడని ఇంకొక అరుగు. రెండు అరుగుల మీదా కొత్తకోట దాటి చూసినవాడు ఒక్కడూ లేడు. అయినా కుదిరిన పెళ్ళి ఒకటి చెడింది, అన్నదమ్ములు రెండు జతలు వేరు పడ్డారు.

దశరథం రోజూ పొద్దున్నే దివాన్‌జీ వాకిట్లో నిలబడేవాడు. “ఇంక పది దినాలే ఉన్నయి దొరా.” “తొందర విద్యార్థి లక్షణం కాదు,” అనేవాడు దివాన్‌జీ, పళ్ళు తోముకుంటూ.

ఇంటికొస్తే భీమమ్మ అడిగేది: “ఏడ సదివితే ఏందిరా? ఎద్దుకు ఉర్దొచ్చా, ఇంగ్లీషొచ్చా?” అతనికి నవ్వొచ్చేది. నవ్వితే వెంట ఏడుపు కూడా వచ్చేస్తుందని ఊరుకునేవాడు.

ఆషాఢం ముగిసింది. సభ ముగియలేదు.

శ్రావణంలో మళ్ళీ గొంతువాపు వచ్చింది. ఈసారి దొరవారి కొట్టంలోనే మొదలైంది. దశరథాన్ని పిలిపించారు. “నువ్వు జీవశాస్త్రం చదివెటోనివి గదరా, ఏం చేద్దాం?”

“నేను ఇంక సదవనే లేదు గద దొరా.”

అన్నాడే కానీ ఊరుకోలేదు. నడిచిపోయి వనపర్తి నుంచి సలోత్రి బక్కయ్యను వెంటబెట్టుకొచ్చాడు. పశువుల వైద్యుణ్ణి అక్కడ అలాగే పిలుస్తారు. దొరవారి దేవిడీ గుమ్మంలో సభ వారిద్దరినీ ఆపింది.

“తమరిది ఏ విశ్వవిద్యాలయము?” అన్నారు ఆచార్యులవారు.

“నాది ఏదీ కాదు సామీ. సూదేస్త. ఇరవై ఏండ్ల సంది గదే పని.”

ఏ విశ్వవిద్యాలయమూ లేని మనిషిని సభ ఊహించి ఉండలేదు. కొత్త చర్చ మొదలైంది. కొట్టంలో ఒక కోడె గురక పెడుతూ మోకాళ్ళ మీద కూలడం గుమ్మంలోంచే కనిపిస్తోంది. దశరథం దాన్ని చూశాడు, సభను చూశాడు. ఇక అడగలేదు. బక్కయ్య చెయ్యి పట్టుకుని కూలివాళ్ళ వాడకు నడిచాడు.

అక్కడ కూలివాడు యోసేపు ఎదురొచ్చి, “మాకు ఏ సదువైనా ఒకటే బక్కన్నా, జర జల్ది ఎయ్యి,” అన్నాడు. దశరథం కొమ్ములు పట్టాడు, బక్కయ్య సూది వేశాడు. పొద్దు గుంకేదాకా వేశాడు.

వాడలో రెండు గొడ్లు పోయాయి. దేవిడీ కొట్టంలో రెండు మిగిలాయి.

సభ ఈ ఫలితాన్ని నిశితంగా పరిశీలించి, గొంతువాపు మేలుజాతి పశువులకు మాత్రమే వచ్చే వ్యాధి అని తీర్మానించింది. అది సభ చేసిన మొదటి ఏకగ్రీవ తీర్మానం. చదువుకని తీసిపెట్టిన సొమ్ముతో సభ్యులందరికీ శాలువలు కప్పారు.

దశరథం సన్మానానికి ఉండలేదు. ఏడాదిపాటు బక్కయ్య మందుపెట్టె మోస్తూ ఊరూరూ తిరిగాడు. ఆ కూలి కూడబెట్టుకుని, మరుసటి ఆషాఢంలో ఎవరికీ చెప్పకుండా ఆ రెండింట్లో ఒక విశ్వవిద్యాలయంలో చేరాడు. చదువు ముగించుకొచ్చాక కొల్లాపూర్ నుంచి అలంపూర్ దాకా వాడవాడకూ సూదులు చేర్చాడు. ఎన్ని కొట్టాలు నిలబడ్డాయో లెక్క లేదు.

ఈ సంగతి ఎవరికి చెప్పినా సిరిగంటపాడు సభను తలుచుకుని పొట్ట చేత్తో పట్టుకుని నవ్వుతారు. నవ్వు ఆగాక, ఆ గొడ్ల గురించి గానీ, గుంటక లాగిన తల్లి గురించి గానీ ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అందరూ అడిగేది ఒకటే, ఇప్పుడు మీ నోటి చివర ఉన్నదే: “ఇంతకూ ఏ దాంట్లో చేరాడు?”