మధ్యాహ్నం దాకా జవాబు చెప్పరాదు

అడవి పెద్దదే. మద్దిచెట్లున్నాయి, వెదురు పొదలున్నాయి, నడివేసవిలో కూడా ఎండని ఒక మడుగు ఉంది. లేనిదల్లా ఆ మడుగులో ఎవరు ముందు నీళ్ళు తాగాలన్న దాని మీద ఒక ఒప్పందం. పొద్దు పొడిస్తే చాలు, తోపులాట, కొమ్ములతో కుమ్ములాట.

అడవికి అధ్యక్షుడు అడవిదున్న దండయ్య. ఆయనకి బలం బోలెడు ఉంది. తెలివి కూడా ఉందని ఎవరైనా అంటే వినాలని కోరిక. అందుకే ముళ్ళపంది మునెయ్య చెప్పిన ఉపాయం ఆయనకి తెగ నచ్చింది. మునెయ్య రోజూ తెల్లవారేసరికి మడుగు పక్కనున్న బండ మీద పదహారు మాటలు గీకుతాడు. వాటిని నాలుగేసి చొప్పున నాలుగు గుంపులుగా విడదీయాలి. నాలుగు పళ్ళు, నాలుగు చెట్లు, అలాగన్నమాట. ఏదో ఒక మాట రెండు గుంపుల్లోనూ ఇమిడేట్టు కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే. ముందు విడదీసినవాళ్ళు ముందు తాగాలి.

ఇక చూడండి, దాహం సంగతే అందరూ మర్చిపోయారు. తేనెపట్టు కింద నిలబడి కూడా ఎలుగుబంటి తల పైకెత్తకుండా గుంపులు కట్టుకుంటూ ఉండేది. ఉసిరిని పళ్ళలో వెయ్యాలా కాయల్లో వెయ్యాలా అన్న దగ్గర ఒక కుందేళ్ళ జంట విడిపోయింది కూడా.

విడదీయలేక తల బద్దలు కొట్టుకునేవాళ్ళే ఎక్కువ కాబట్టి, నక్క జిత్తయ్య ఒక సూచనల కార్యాలయం తెరిచాడు. మునెయ్యకి మతిమరుపు. జవాబులు తనే మర్చిపోతానన్న భయంతో వాటిని బండ వెనక చిన్నగా గీసి పెట్టుకునేవాడు. పొద్దున్నే బండ వెనక్కి వెళ్ళి రావడం, జిత్తయ్య పాండిత్యమంతా అదే.

కానీ జవాబు తిన్నగా చెబితే కార్యాలయం ఎందుకు? "ప్రియమైన పదప్రియులారా, నేటి జవాబు తెలుసుకునే ముందు, అసలు మాట అంటే ఏమిటో తెలుసుకుందాం" అని ఎత్తుకునేవాడు. మాట పుట్టుక, పెరుగుదల, అడవికి అది చేసిన మేలు, అన్నీ అయ్యాక మొదటి సూచన. మొదటి సూచనకీ రెండో సూచనకీ మధ్య, తన బావమరిది తవ్వి అమ్మకానికి పెట్టిన బొరియలు ఎంత చల్లగా ఉంటాయో వర్ణన. మూడో సూచన వచ్చేసరికి సగంమంది బొరియలు చూడ్డానికి వెళ్ళిపోయి ఉండేవారు. ఆ బొరియల్లో ఒక్కటీ ఖాళీగా మిగల్లేదు. ఏనుగు కూడా ఒకటి తీసుకుంది. ఎందుకు తీసుకుందో దానికీ తెలీదు.

ఈ వ్యాపారానికి అడ్డం వచ్చినవాడు కొండముచ్చు ఎల్లమంద. మడుగు గట్టున ఉన్న పెద్ద మద్దిచెట్టు మీద అతను కావలి. తాతల కాలం నుంచీ ఆ పైకొమ్మ వాళ్ళదే. చేసే పని ఒక్కటే, గడ్డిలో కదిలినదాన్ని చూడటం, చూసినదాన్ని అరిచి చెప్పడం. అంత ఎత్తునుంచి బండ మీది మాటలు బాగా కనిపించేవి. తీరిగ్గా ఉన్నప్పుడు కళ్ళు అటు పోయేవి, తోచిన జవాబు నోట్లో ఆగేది కాదు. కింద జిత్తయ్య ఇంకా మాట పుట్టుక దగ్గరే ఉండగా పైనుంచి జవాబు వచ్చిపడేది. అందరూ హాయిగా నీళ్ళు తాగి వెళ్ళిపోయేవారు.

జిత్తయ్య సభకి ఫిర్యాదు పెట్టాడు. ఆలోచించడంలోని ఆనందాన్ని అడవి నుంచి దోచుకుంటున్నారని గద్గద స్వరంతో చెప్పాడు. దండయ్య లోపల్లోపల ఉడుకుతూనే ఉన్నాడు. అధ్యక్షుడై ఉండి ఒక్కరోజు కూడా ఆయనకి సొంతంగా ఏదీ తట్టలేదు, చెట్టెక్కి కూర్చున్న ఒక కోతికి రోజూ తట్టేస్తోంది. ఆ పూటే చట్టం వచ్చింది. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఎవరూ జవాబు పైకి చెప్పరాదు. సూచన చెప్పవచ్చు. పొరపాటున జవాబు చెవినపడితే వెంటనే కళ్ళూ చెవులూ మూసేసుకోవాలి. జవాబు చెప్పినవాళ్ళకి మొదటిసారి మందలింపు, రెండోసారి ఏటి అవతలికి బహిష్కారం. చట్టం రాకముందు చేసిన నేరానికి ఎల్లమందకి మందలింపు ఆ సాయంత్రమే అందింది.

సభలో లేచి నిలబడింది దుప్పి చుక్కమ్మ ఒక్కతే. ఆమెకి తొమ్మిది రోజుల కూన ఉంది. "అయ్యా, ఈ ఎల్లమంద తండ్రి అరుపు వింటూనే మా అమ్మ నన్ను బతికించుకుంది. ఈయన నోరు కట్టేస్తే, పొద్దున పూట వచ్చే ఆపద మాకెవరు చెబుతారు?" అని అడిగింది.

"ఆపదని మధ్యాహ్నం తర్వాత రావద్దని మేమేమన్నా అన్నామా అమ్మా?" అన్నాడు దండయ్య. అందరూ తలలూపారు. ఆ తలలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, కానీ కథ చెప్పేవాణ్ణి, నేనేం చెయ్యను.

కొన్నాళ్ళు ఎల్లమంద నోరు కట్టుకున్నాడు. బండ వైపు చూడటమే మానేసి గడ్డివైపే చూస్తూ కూర్చున్నాడు. అలా చూస్తుండగానే ఒకరోజు ఆపద రానే వచ్చింది.

ఆ రోజు బండ మీద గట్టి చిక్కే పడింది. రెండు గుంపులు తేలిపోయాయి. మిగిలినవి ఎనిమిది మాటలు. ఉడుత, ఉడుము, ఎలుగుబంటి, కొండచిలువ, ఇవి చెట్టెక్కేవి. దుప్పి, నెమలి, రక్తపింజరి, ఇవి ఒంటిమీద మచ్చలున్నవి. ఎనిమిదో మాట చిరుత. అది చెట్టూ ఎక్కుతుంది, మచ్చలూ ఉన్నాయి. దాన్ని ఎందులో వెయ్యాలి? బండ చుట్టూ అడవి అంతా చేరి అరుచుకుంటోంది. మచ్చల గుంపులో ముగ్గురే ఉన్నారన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు.

వాళ్ళ వీపుల వెనక, బోదగడ్డిలోంచి, అసలు చిరుత పొట్ట నేలకి ఆనించి పాక్కుంటూ వస్తోంది.

ఎల్లమంద చూశాడు. చిరుతకి అందరికన్నా దగ్గరగా ఉన్నది చుక్కమ్మ కూన. చిరుత అని అరిస్తే తాతలనాటి చెట్టు పోతుంది. అరవకపోతే కూన పోతుంది. పాపం, చట్టానికి భయపడే జీవి కదా, ముందు చట్టప్రకారమే ప్రయత్నించాడు.

"మీ వెనకాల ఒకటుంది. మచ్చలున్నది" అన్నాడు.

"మంచి సూచన" అంది ఎలుగుబంటి, బండ మీంచి కళ్ళు తిప్పకుండా.

"చెట్టు కూడా ఎక్కుతుంది."

"ఇదిగో, మళ్ళీ చిక్కులో పెట్టాడు" అన్నాయి కుందేళ్ళు. సూచనలు చెప్పే అధికారం కార్యాలయానిదేనని జిత్తయ్య అభ్యంతరం చెప్పాడు.

"ఇరవై అడుగుల్లో ఉంది. పదిహేను అడుగుల్లో ఉంది."

ఈ రోజు మాటల్లో కొలతల గుంపు లేదని మునెయ్య విసుక్కున్నాడు.

ఇక ఎల్లమంద వల్ల కాలేదు. కొమ్మ ఊగిపోయేట్టు ఎగిరి, వాళ్ళ తాత అరిచినట్టే అరిచాడు. "చిరుత! చుక్కమ్మా, పరిగెత్తు!"

చుక్కమ్మ వెనక్కి కూడా చూళ్ళేదు. కూనని ముట్టెతో నెట్టుకుంటూ ఒక్క ఉరుకున ఏట్లో పడింది.

మిగతావాళ్ళకి కోపం వచ్చింది. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు, జవాబు బయటపడిపోయింది. చట్టప్రకారం అందరూ గట్టిగా కళ్ళు మూసుకున్నారు. ఏనుగు చెవులు ముడుచుకుంది. ఎలుగు పంజాలు అడ్డం పెట్టుకుంది. దండయ్య తల తీసుకెళ్ళి బురదలో దూర్చాడు.

చిరుత ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక అది ఇలాంటి వేట చూళ్ళేదు. ఒక్కరూ పరిగెత్తరే. సంతకి వచ్చినట్టు వాళ్ళ మధ్య అటూ ఇటూ తిరిగి, బొరియల పుణ్యమా అని బాగా బలిసిన జిత్తయ్య మెడ పట్టుకుంది.

"చిరుత! చిరుత పట్టుకుంది, రక్షించండి!" అని జిత్తయ్య ప్రాణం పెట్టి అరిచాడు. ముందుమాట లేకుండా అతను మాట్లాడటం జీవితంలో అదే మొదలు.

అందరూ చెవులు ఇంకా గట్టిగా మూసుకున్నారు.

"జిత్తయ్యా, చట్టం కావాలన్నవాడివి నువ్వే" అన్నాడు దండయ్య, బురదలోంచే. "కాస్త ఓపిక పట్టు, మధ్యాహ్నం కానీ."

మధ్యాహ్నం అయింది. కళ్ళు తెరిచారు. జిత్తయ్య కనబడలేదు, తోక వెంట్రుకలు నాలుగు కనబడ్డాయి. వాటిని ఏ గుంపులో వెయ్యాలో తేలక పక్కన పెట్టి, సభ ఎల్లమంద విచారణ మొదలుపెట్టింది. చుక్కమ్మ ఏరు దాటి తడి ఒంటితో వచ్చి, ఆయన అరవబట్టే నా కూన బతికిందని చెప్పింది.

"కూన బతికిన సంగతి వేరు, జవాబు బయటపడిన సంగతి వేరు. రెండూ ఒక గుంపులోకి రావు" అన్నాడు మునెయ్య. ఆ మాట చాలా లోతుగా ఉందని అందరూ మెచ్చుకున్నారు.

ఎల్లమంద మద్దిచెట్టు దిగాడు. దిగి, దాని బెరడుకి నుదురానించి ఏడ్చాడు. ఏరు దాటాక దొరికింది పొట్టి తునికిచెట్టు ఒకటి. దాని కొసకెక్కి, "ఇక్కణ్ణుంచి అరిస్తే వినిపిస్తుందా?" అని సిగ్గుపడుతూ అడిగాడు.

"వినిపిస్తుంది అన్నా. మేమిద్దరమే కదా ఉన్నాం, చెవులు తెరుచుకునే ఉంటాం" అంది, కూనతో ఏటి అవతలే ఉండిపోయిన చుక్కమ్మ.

ఇవతల అడవిలో సూచనల కార్యాలయం ఖాళీ అయింది. అర్జీలు పిలిస్తే ఒక్కటే వచ్చింది, చిరుతది. జవాబుని గుట్టుగా ఉంచగల సమర్థత చూసి దండయ్య వెంటనే నియమించాడు. ఇప్పుడు సూచనలు ఒక్కొక్కరికీ విడివిడిగా, పొదలోకి పిలిచి చెబుతున్నారు. కార్యాలయం మీద ఇంతవరకూ ఒక్క ఫిర్యాదూ రాలేదు. మడుగు దగ్గర తోపులాట కూడా రోజురోజుకీ తగ్గుతోందని సభ సంతోషం ప్రకటించింది.

నీతి: ప్రాణం పోయినా ఫరవాలేదు, జవాబు మాత్రం ముందే తెలిసిపోకూడదు.