ఎర్రదారం లోపలి పీతలు

రెండు వీధుల అవతల కుళాయి కారుతున్నా ఆవిడ భర్తకు వినిపిస్తుంది. పక్కనే కూర్చున్న పెళ్ళాం మాటే చెవికెక్కదు. పాతికేళ్ళుగా ఆవిడ ఏం చెప్పినా ఆయన జవాబు "ఊఁ". ఆ ఊఁని నమ్ముకుని సంసారం ఈదుకొచ్చినందుకు ఎవరైనా ఆవిడకో పతకం ఇవ్వాలి.

ఆయన ఊరి పారిశుద్ధ్య అధికారి. ఆవిడ దూరవిద్యలో సముద్రజీవుల గురించి తొలి పాఠాలు చదువుతోంది. పరీక్షకు బదులు ఒక పని ఇచ్చారు. తీరంలో నాలుగు కర్రలు పాతి, ఎర్రదారం చుట్టి, ఆ చదరంలో ఏమేం బతుకుతున్నాయో ఆరు వారాలు లెక్క రాయాలి. ఒక్కసారి కనిపించినదాన్ని రాయకూడదు, మళ్ళీ కనిపిస్తేనే నమ్మాలన్నది నియమం. ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచు కింద పీతలే పదిహేడు తేలాయి. పెళ్ళయ్యాక తన కోసమంటూ ఆవిడ చేసుకున్న పని అదొక్కటే.

ఆరో వారం ఉదయం పొయ్యి కట్టేస్తూ అంది. "ఏమండీ, ఇవాళ నా ఆఖరి లెక్క. ఎనిమిదింటికి వెళ్తా. నా ఎర్రదారం జోలికి పోవద్దని మీ వాళ్ళకి చెప్పండి."

బూట్ల లేసులు కట్టుకుంటూ ఆయన "ఊఁ" అన్నాడు.

ఆయన బుర్ర నిండా వేరే ఎర్రదారాలున్నాయి. ఆవిడ కర్రలు చూసి, ఆఫీసువాళ్ళు కొట్లకు స్థలాలు కొలిచిస్తున్నారనుకున్నాడు టీ కొట్టువాడు. పక్కనే తనూ నాలుగు పాతాడు. వాణ్ణి చూసి బెలూన్లవాడు, వాడి బావమరిది, ఆ బావమరిదంటే పడని పల్లీలవాడు. ఐదు వారాల్లో ముప్పై రెండు చదరాలు లేచాయి. ఒకదానికి "అమ్మబడును" అన్న అట్టముక్క కూడా వేలాడింది. ఆక్రమణలంటూ ఆఫీసుకు ఫిర్యాదు వెళ్ళింది. పైగా ఆవిడ ఆఖరి లెక్క రోజే తీర సంరక్షణ దినం, పెద్దాఫీసరు రాక. ఆయన తీరం ఊడ్చే యంత్రాన్ని దింపించాడు.

ఆవిడ వెళ్ళేసరికి తీరం ఇస్త్రీ చేసిన దుప్పటిలా ఉంది.

"చూశావా, అద్దంలా లేదూ?" అన్నాడు భర్త.

"నాచేదండీ?"

"ఆ కుళ్ళా? మూడు లారీలు ఎత్తించాను."

"అందులో నా పీతలున్నాయి."

"నీ పీతలేంటి? ముందే చెప్పొచ్చుగా."

 ఆవిడ ఇసుకలో కూర్చుని పుస్తకం తెరిచింది. పీతలు సున్నా. నత్తలు సున్నా. గెంతే పురుగులు సున్నా. "కారణం" అన్న గడి దగ్గర కాసేపు ఆగి, అదీ నింపింది.

తర్వాత కూడా వారం వారం వెళ్ళి చూసింది. నెల గడిచినా ఒక్క పీతా తిరిగి రాలేదు.

ఆ నెలాఖరున ఊరివాళ్ళకీ దూరవిద్యవాళ్ళకీ కలిపి పెట్టిన బహుమతుల సభలో ఆయనకు పరిశుభ్ర తీరం షీల్డు ఇచ్చారు. దాన్ని ఏ చేత్తో పట్టుకోవాలో ఆయన తేల్చుకునేలోపే ఆవిడ పాఠాల మాస్టారు మైకు దగ్గరికొచ్చారు.

"మిగతావాళ్ళంతా ఏం బతికుందో రాశారు. అది ఒక్క పూటలో ఎలా పోయిందో రాసింది ఈవిడొక్కరే. మొదటి బహుమతి ఈవిడదే," అంటూ కారణం గడి పైకి చదివారు. "తీర సంరక్షణ. అధికారికి ఆ పొద్దున్నే చెప్పాను. ఊఁ అన్నారు."

సభ గొల్లుమంది.

"ఎవరమ్మా ఆ అధికారి?" అని ముందు వరసలోంచి ఎవరో అడిగారు. ఆవిడ షీల్డు వంక చూసింది.

ఆయన షీల్డు బల్ల మీద పెట్టేసి మైకు అందుకున్నాడు. "తప్పు నాదే. ఆవిడ చెప్పింది. నేనే వినలేదు. ఆ రోజే కాదు, ఎప్పుడూ వినలేదు."

ఒక్కసారి కనిపించినదాన్ని లెక్కలో వేయకూడదు కాబట్టి, ఆవిడ అది రాసుకోలేదు.