ఐదు మీదే తిరిగే ఫ్యాన్

మా ఆయన నందకిశోర్ మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఇంత జ్ఞానం దగ్గర పెట్టుకుని ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదు. మనిషికి ఎంచుకునే వీలుండటమే అన్ని కష్టాలకూ మూలమట!

ఆయన ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌లకు డ్రైవర్లు రాస్తాడు. అంటే, మన వేలు చెప్పేది కంప్యూటరుకు చేరవేసే ప్రోగ్రాములు. వాటిలో మనకు నచ్చినట్టు మార్చుకునే సెట్టింగులుండేవి. మొన్నటి అప్‌డేట్‌లో అన్నీ పీకేశాడు.

"నూటికి ఒక్కరు గూడ వాటిని ముట్టరు. ఏది మంచిదో మాకెర్కనే గద," అన్నాడు.

ఎంత దయ! నా కళ్ళు తెరుచుకున్నాయి.

చాయ్‌లో చక్కెర ఇక నేను వేసినంతే. కూరలో కారం నా డిఫాల్టే. ఫ్యాన్‌కి స్పీడ్లెందుకు? రెగ్యులేటర్ ఐదు మీద పెట్టి, నాబ్ ఊడబీకి పోపుల డబ్బాలో దాచాను. లాడ్ బజార్ గాజులవాళ్ళు కూడా ఒకటే సైజు అమ్మితే ఎంత హాయి! ఎక్కకపోతే తప్పు చేతిది కాదూ?

రెండో రోజుకే ఆయన తుమ్ముతూ వచ్చాడు. "ఏందే గిది? ఫ్యాన్ జర తగ్గియ్యరాదూ."

"ఓహో, నూటికి ఆ ఒక్కరు మీరేనా?" అన్నాను.

కాదు. ఆ ఒక్కరు మా అత్తగారు విమలాదేవి.

ఆమెకు వేళ్ళు వణుకుతాయి. అందుకే వేలు తగిలితే కాక, గట్టిగా నొక్కితేనే క్లిక్ అయ్యేలా సెట్టింగు పెట్టుకుని, వాళ్ళమ్మ పాడిన బోనాల పాటలన్నీ టైపు చేస్తున్నారు. అవి ఆమెకు తప్ప ఇంకెవరికీ రావు. అప్‌డేట్ తర్వాత ఆ సెట్టింగే లేదు. వేలు వణికినప్పుడల్లా క్లిక్కే. ఒక పాటలో చరణం ఎగిరి ఇంకో పాటలో పడుతోంది.

సాయంత్రం ల్యాప్‌టాప్ తెచ్చి కొడుకు ముందు పెట్టారు. "నా వేళ్ళు ఖరాబైనయ్ బిడ్డా. ఇగ పాటలు నాతోని కావు. తీస్కపో."

ఆయన సెట్టింగులన్నీ గాలించాడు. తాను పీకేసింది తనకు మాత్రం ఎక్కడ దొరుకుతుంది? నెత్తి మీద ఫ్యాన్ గిర్రున తిరుగుతూనే ఉంది.

చివరికి తల దించుకుని గొణిగాడు. "నీ వేళ్ళకేం కాలేదమ్మా. నేనే తీసేసిన. మళ్ళ పెడ్త. నాదే తప్పు."

"ఫ్యాన్ చప్పుడుల ఇనబడలే. జర గట్టిగ చెప్పుండ్రి," అన్నాను పోపుల డబ్బా మూత తీస్తూ.

"నాదే తప్పు," అన్నాడు, వంటింటిదాకా వినబడేలా.