పదకొండో మడి సన్యాసమ్మ

పదకొండో మడిని రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు పట్టుకుపోవడంతో, ఆ ఖరీఫ్‌లో దాని స్థానంలో కూలీ సన్యాసమ్మను మడిగా నియమించారు.

కొండల దిగువనున్న ఆ పరిశోధనా క్షేత్రంలో కొత్త చోడి (రాగి) వంగడానికి పరీక్ష జరుగుతోంది. వంగడాన్ని నాలుగు మళ్ళలో వేసి, ఒక మడికీ ఇంకో మడికీ దిగుబడి ఎంత తేడా వస్తుందో తేల్చాలి. మూడే మళ్ళుంటే పైవాళ్ళు ఒప్పుకోరు.

సన్యాసమ్మ ఇరవై ఆరేళ్ళుగా అక్కడే నాట్లు వేస్తోంది, కలుపు తీస్తోంది. క్షేత్ర సహాయకుడు గౌరునాయుడు ఆమె మడమల పగుళ్ళలోంచి మన్ను గీకి పరీక్షకు పంపాడు. పక్క మళ్ళ మన్నుతో సరిగ్గా సరిపోయింది. ఇక అభ్యంతరాలేమీ రాలేదు.

సోమవారం పొద్దున ఆమె పదో మడికీ పన్నెండో మడికీ మధ్య రోడ్డు పోగా మిగిలిన సన్నటి చోట వెల్లకిలా పడుకుంది. కొలతకు కాస్త తక్కువైతే చేతులు చాచమన్నారు. నాలుగు మూలలా మేకులు కొట్టి తాడు కట్టారు. తల దగ్గర నంబరు రేకు పాతారు. భుజాల నుంచి పాదాల దాకా వరస తప్పకుండా నారు నాటారు.

"ఏటైనా నొప్పిగా ఉందా అప్పా?" అని గౌరునాయుడు సొంత అక్కను అడిగినట్టు అడిగాడు.

"నేదు బాబూ. పగటి పూట నడుం వాల్చి ఎన్నాళ్ళయిందో."

ఆ రోజు నుంచి వేళకు నీళ్ళు వచ్చాయి. ఆమె మీద ఎండ ఎంత పడిందో, ఒంట్లో తేమ ఎంతుందో రిజిస్టరులో ఎక్కింది. రెండో వారంలో వేడి పెరిగింది. శాస్త్రవేత్త వసుంధర స్వయంగా వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, నుదుటి మీద చెయ్యి వేసి చూసి, రెండు పూటలా తడి పెట్టమని రాసి సంతకం చేసింది.

సన్యాసమ్మకు కళ్ళ నీళ్ళొచ్చాయి. "ఇన్నేళ్ళూ జొరంతోనే ఊడుపులు ఊడిసినాను మేడమ్ గోరూ. నుదురు ముట్టి సూసినోళ్ళు నేరు. మీరు సల్లగుండాల."

వసుంధర ఆ కన్నీళ్ళను కూడా తేమ లెక్కలో కలపమని గౌరునాయుడికి చెప్పింది.

కోత అయ్యాక కంకులు నూర్చి తూచారు. మిగతా మళ్ళు మూడు కిలోలకు అటూ ఇటూగా పండాయి. సన్యాసమ్మ నాలుగున్నర దాటి పండింది.

కార్యాలయంలో ఎవరికీ సంతోషం కలగలేదు. నాలుగు మళ్ళకూ కలిపి సగటు మీద కట్టే తేడా ఇరవై శాతం మించితే ప్రయోగం చెల్లదు. ఇప్పుడది ఇరవై మూడు దాటింది. రెండేళ్ళ పరీక్ష మూలన పడేలా ఉంది.

వసుంధర పొలానికి వచ్చింది. "ఇంత ఎందుకు పండావు సన్యాసమ్మా?"

"బాగా సూసుకున్నారు కదా అమ్మా. అందుకే పండినాను." మళ్ళీ తనే తప్పు చేసినదానిలా అంది. "తగ్గించి పండమంటే ఈపాలి తగ్గిత్తాను."

ఆ అవసరం రాలేదు. పాడైన మడి పోయినట్టు రాసి, మిగతా మళ్ళను బట్టి దానికో అంకె కట్టే పద్ధతి ఒకటి ఉంది. అలాగే రాశారు. సన్యాసమ్మకు సరిగ్గా మూడు కిలోలు వచ్చాయి. ప్రయోగం నిలబడింది, వంగడం విడుదలైంది.

గౌరునాయుడు ఆ కాగితం ఆమెకు చదివి వినిపించాడు. పదకొండో మడి వరస మీద వేలు పెట్టి చూపించాడు. "నువ్వు పోయినట్టు రాసినారప్పా."

"పోనీ బాబూ. పోయినా మూడు కిలోలు ఉంచినారు. మంచోళ్ళు." ఆమె కార్యాలయం వైపు తిరిగి దణ్ణం పెట్టింది. తాడు దాటుకుని వచ్చి, చీర దులుపుకుని, వేరుశెనగ చేలో కలుపుకు వెళ్ళిపోయింది.

మరుసటి ఖరీఫ్‌కు ఆరు మళ్ళు కావాలని నోటీసు పెట్టారు. నలభై ఒక్క మంది కూలీలు దరఖాస్తు చేశారు. ఎవరికీ చదువు రాదు కాబట్టి అందరికీ గౌరునాయుడే రాసిపెట్టాడు. మడిగా ఎందుకు చేరాలనుకుంటున్నారన్న గడి దగ్గర ఆగి, వరసలో ముందున్న అప్పయ్యమ్మను అడిగాడు.

ఆమె ఆలోచించుకోలేదు. "రోజూ పొద్దున్నే ఎవులో ఒకులొచ్చి ఎలగున్నావని సూత్తారంట కదా," అంది.

అతను అలాగే రాశాడు. తర్వాతి నలభై దరఖాస్తుల్లోనూ ఆ గడిని అడక్కుండానే నింపాడు.