లాప్వింగ్ ధనధ్రువ విజయం

వానదేవుడు అలసి కాసేపు విశ్రమించిన జూన్ మాసపు ఆదివారాన, వార్విక్‌షైర్ మండలంలో, క్రికెట్ మైదానం పక్కనున్న పచ్చికబయలు మీద, ఇరవై రెండు పాతకాలపు లాప్వింగ్ కార్లు, ఆ శకటరాజములు, పెట్రోలు పరిమళాలను దశదిశలా వెదజల్లుతూ బారులు తీరి నిలిచిన శుభవేళ, విశ్రాంత బస్సు మెకానిక్కు, స్పానర్‌ధారిణి, అరవై తొమ్మిదేళ్ళ వీరాంగన గ్లెనిస్ టార్‌ప్లీ సాగించిన ఘోరసమరాన్ని చెబుతాను, చెవి ఒగ్గండి. ఆ సమరం రాజ్యం కోసం కాదు, రత్నరాశి కోసం కాదు. అర పాయింటు కోసం.

నిరుడు ఇదే పచ్చిక మీద రాజుకుంది నిప్పు. కర్మాగారం గుమ్మం దాటిన నాడు కారు ఎలా ఉందో నేడూ అణుమాత్రం తేడా లేకుండా అలాగే ఉన్నదా అని లాప్వింగ్ క్లబ్బువారు ఏటా పరీక్షిస్తారు. ప్రధాన న్యాయమూర్తి ఆబ్రీ ఫెన్‌షా. భూతద్దపాణి, ఉన్నికోటు కవచధారి, నాలుగు వందల పన్నెండు పుటల ప్రమాణగ్రంథాన్ని ఒంటిచేత్తో రచించిన మహామహుడు. ఆయన టార్‌ప్లీ దంపతుల ఎర్ర కారు బానెట్టు కిందికి వంగి, తల ఎత్తి, తీర్పు చెప్పాడు.

“నార్మన్, బ్యాటరీ తిరగేసి కలిపావయ్యా. ప్లస్సు కొస బాడీకి బిగించావు. నీ కారు తయారీ నంబరెంత? 1147. పదకొండు వందల నలభై నుంచి అన్నిటికీ మైనస్సే బాడీకి. పుస్తకంలో ఉంది. అర పాయింటు కోత.”

“నేను తిప్పలేదండీ,” అన్నాడు గ్లెనిస్ భర్త నార్మన్. “విప్పినప్పుడు ఎలా ఉందో అలాగే కట్టాను.”

“విప్పింది ఎప్పుడు, కట్టింది ఎప్పుడు? మధ్యలో పదకొండేళ్ళు! మర్చిపోయుంటావులే.”

పచ్చికంతా నవ్వు పారింది. పదకొండు చలికాలాలు వణికే వేళ్ళతో ప్రతి తీగనూ బుజ్జగించి ముడివేసిన ఆ మౌనకర్మయోగి, ఆ రోజు నుంచి గ్యారేజీ గడప తొక్కలేదు. ఒకనాటి ఉదయం టోస్టు మీద మార్మలేడు పూస్తూ, “నిజంగా నేనే తిరగేశానేమో గ్లెన్. వయసైపోయింది కదా,” అన్నాడు. ఆ మాట ఆమె గుండెను కోసేసింది. వెంటనే లేచి, కత్తి లేదు గనుక వెన్న రాసే చాకును పైకెత్తి, సింహనాదం చేసింది.

“వినవయ్యా నార్మన్! నలభై నాలుగేళ్ళ కాపురంలో నువ్వు ఒక్క ఫ్యూజు తప్పుగా వేయడం నేను చూడలేదు. నీ చేతులకి వయసొచ్చిందని నువ్వన్నా ఊరుకోను, ఆ ఫెన్‌షా అన్నా ఊరుకోను. వాడి పుస్తకమే తప్పని వాడి నోటితోనే చెప్పించకపోతే నా పేరు గ్లెనిస్ కాదు!”

“సరేలే, ముందు ఆ చాకు దించు. వెన్న కారుతోంది,” అన్నాడు నార్మన్.

అంతట శోధనాయుద్ధం మొదలైంది. యజమాని చేతిపుస్తకాన్ని అడిగితే బాడీకి ప్లస్సు అంది. మరమ్మతుల పుస్తకం మైనస్సు అంది. విడిభాగాల పట్టిక ‘సుమారు 1140 నుంచి మార్పు’ అని నసిగి తప్పుకుంది. సుమారు అనే ఆ మూడక్షరాల మీద ఫెన్‌షా కోట కట్టేశాడని గ్రహించి, గ్లెనిస్ జిల్లా దస్తావేజుశాల మీద దండెత్తింది. మూతపడిన కర్మాగారపు కాగితాలన్నీ అక్కడ అట్టపెట్టెల్లో నిద్రిస్తున్నాయి. ద్వారపాలిక పర్మిందర్ గిల్, ఆ శాలకు అధికారిణి, చెయ్యి అడ్డం పెట్టింది.

“పెన్ను బయట, పెన్సిలే లోపలికి. ఆ టీ ఫ్లాస్కు కూడా బయటేనండీ.”

“ఒక్క గుక్క కూడానా?”

“మా అమ్మొచ్చినా ఇంతేనండీ.”

ఆరు మంగళవారాలు! ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా చుక్క తేనీరు లేని ఆ కఠోరతపస్సును ఏ ముని చేశాడు? జీతాల చిట్టాలు చీల్చుకుంటూ, రంగుల లెక్కలు దాటుకుంటూ, ఏ శుక్రవారం క్యాంటీనులో చేప అయిపోయిందో కూడా కంఠస్థం చేసుకుంటూ ముందుకు సాగిన ఆమెకు, ఆరో మంగళవారం మధ్యాహ్నం, 1965 నాటి బిగింపు విభాగపు మేస్త్రీ దినచర్య పుస్తకం చేతికందింది. అందులో నూనెమరక పక్కన ఇలా ఉంది: ‘పాత తీగల కట్టలు ఇంకా మిగిలాయి. పారేయడం దేనికి? 1155 దాకా ప్లస్సే బాడీకి. ఆపైన కొత్త పద్ధతి.’

గ్లెనిస్ జయఘోష చేసింది. పర్మిందర్ “ష్!” అంటూ పరుగెత్తుకొచ్చి, ఆ వాక్యం చదివి, తనే ఇంకా గట్టిగా అరిచింది.

ఆ నకలుతో ఈ జూన్ ఆదివారం గ్లెనిస్ రణరంగం ప్రవేశించింది. నార్మన్‌ను దాదాపు మెడబట్టి తీసుకొచ్చింది. ఫెన్‌షా భూతద్దంతో ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాడు. పచ్చిక మీద శాండ్‌విచ్ నమలడం కూడా ఆగిపోయింది. అతిశయం ఎంతున్నా ఆ మనిషిలో అబద్ధం లేదు. ఆయన టోపీ తీశాడు.

“నా పుస్తకం తప్పు. నార్మన్, నువ్వు తిప్పలేదు. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే చెబుతున్నాను, క్షమించు.”

నార్మన్ చెవులు ఎర్రబడ్డాయి. గ్లెనిస్‌కు కళ్ళు చెమర్చాయి, పుప్పొడి పడిందని బొంకింది. ఇంతలో ఫెన్‌షా కాగితం మళ్ళీ చూసి, మెల్లగా తన ఆకుపచ్చ కారు బంపరు మీద చతికిలబడ్డాడు.

“1155 దాకా అన్నారా?”

“దాకా,” అంది గ్లెనిస్.

“నాది 1152. కొన్నప్పుడు ప్లస్సే ఉండేది బాడీకి. పుస్తకానికి విరుద్ధంగా ఉందని నేనే విప్పి మార్చాను. మూడు నెలలు పట్టింది.”

నవ్వుల తుపాను లేవబోయింది. నార్మన్ చెయ్యెత్తి ఆపాడు.

“ఎవరూ నవ్వకండి. మొత్తం విప్పడానికి మూడు నెలలేమో గానీ, వెనక్కి తిప్పడం నాకు రెండు గంటల పని. సోమవారం మా గ్యారేజీకి తీసుకురండి ఫెన్‌షా గారూ.”

“తెస్తాను. కానీ ఇవాళ్టికి తప్పు తప్పే,” అని ఫెన్‌షా మార్కుల పత్రం తెప్పించి, టార్‌ప్లీలకు ఈ ఏడూ కోసిన అర పాయింటు తిరిగి కలిపి, తన కారుకు అర పాయింటు తానే కోసుకున్నాడు.

కాబట్టి ఓ దిక్కులారా, ఓ క్రికెట్ మైదానమా, వినండి! ప్రథమ బహుమతి ఎవరికి దక్కిందో ఈ గాథకు అనవసరం. ఇరవై రెండు శకటాల మహాసంగ్రామంలో, ఆరో స్థానంలో ఉన్న ఫెన్‌షా ఏడుకు దిగగా, ఏడో స్థానంలో ఉన్న టార్‌ప్లీ దంపతులు దుందుభులు మ్రోగకపోయినా సగర్వంగా, సలక్షణంగా, ఆరో స్థానానికి ఎక్కారు!